ప్లేటు మీద వలయం చూసి మురిసిపోకండి: చెరుకు పిప్పిని చక్కెరగా మార్చే బూజు వేట

[తెరపై: అనకాపల్లి దగ్గర బెల్లం గానుగ. పక్కన పిప్పి కుప్ప. కెమెరా మెల్లగా కుప్ప అడుగుకి దిగుతుంది.]

బెల్లం వండేచోట పిప్పి ఎండితే పొయ్యిలోకే పోతుంది. వానకి తడిసి మూలన మిగిలిపోయిన కుప్పే మనకి కావాలి. దాని అడుగున చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. నల్లబడిన పిప్పి మధ్య తెల్లటి సన్నటి దారాలు కనిపిస్తాయి. అదే బూజు. అది విడుదల చేసే ఎంజైములు పిప్పిలోని సెల్యులోజ్‌ని గ్లూకోజ్‌గా విడగొడతాయి. ఆ గ్లూకోజ్‌ని ఈస్ట్ ఇథనాల్‌గా మారుస్తుంది. లెక్క ప్రకారం 1 గ్రాము గ్లూకోజ్‌కి గరిష్ఠంగా 0.51 గ్రాముల ఇథనాల్. హరియాణాలోని పానిపట్‌లో 2022లో మొదలైన ప్లాంటు వరిగడ్డితో చేసేది ఈ పనే.

ఖర్చులో పెద్ద వాటా ఎంజైముల దగ్గరే తగులుతుంది. అందుకే కొత్త బూజుల కోసం ఇంత వెతుకులాట.

[తెరపై: మూడు రంగుల బొమ్మ. పొడవాటి గొలుసు, దాన్ని తెంచుతున్న మూడు ఎంజైములు.]

సెల్యులోజ్ తెగాలంటే ఒక్క ఎంజైము చాలదు. ఎండోగ్లూకనేజ్ గొలుసుని మధ్యలో తెంచుతుంది. సెల్లోబయోహైడ్రోలేజ్ తెగిన కొస పట్టుకుని రెండేసి గ్లూకోజ్‌ల చొప్పున తీస్తుంది. ఆ జంట పేరు సెల్లోబయోజ్. దాన్ని విడదీసేది బీటా గ్లూకోసిడేజ్. ఇది తక్కువైతే సెల్లోబయోజ్ పేరుకుపోయి, వెనక ఉన్న సెల్లోబయోహైడ్రోలేజ్‌నే అడ్డుకుంటుంది. ఈ మూడూ కాక, రాగి పరమాణువుతో పనిచేసే మరో రకం ఎంజైములు, ఎల్‌పీఎంఓలు సెల్యులోజ్‌ని ఆక్సీకరణతో చీలుస్తాయి.

[తెరపై: కాగితం కవరు, స్పాచులా, పెట్రీ ప్లేట్లు.]

నమూనా కుప్ప పైనుంచి కాదు, అడుగునుంచి తీయండి. ప్లాస్టిక్ కవరైతే లోపల చెమట పట్టి బ్యాక్టీరియా పెరుగుతుంది, కాగితం కవరే మేలు. విశాఖ పక్కనున్న కంబాలకొండ లాంటి చోట పుచ్చిన కలప తేవాలనుకుంటే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోండి. అది అభయారణ్యం.

1 గ్రాము నమూనాని 9 మి.లీ. స్టెరైల్ సెలైన్‌లో కలపండి. బూజు గింజలు (స్పోర్లు) నీళ్లలో తడవవు, తేలిపోతాయి. సబ్బులా పనిచేసే ట్వీన్ 80ని 0.1 శాతం కలిపితే విడిపోతాయి. వెయ్యో వంతు, పదివేలో వంతు దాకా పలుచన చేసి 0.1 మి.లీ. చొప్పున రోజ్ బెంగాల్ అనే రంగు కలిపిన అగార్ (జెల్లీ లాంటి మీడియా) మీద పరవండి. లీటరుకి 100 మి.గ్రా. క్లోరాంఫెనికాల్ బ్యాక్టీరియాని ఆపుతుంది. రోజ్ బెంగాల్, ప్లేటంతా పాకే రైజోపస్‌కి పగ్గాలు వేస్తుంది. ఈ మీడియాని వెలుతురులో వదలకండి. వెలుతురు సోకిన రోజ్ బెంగాల్ మీకు కావాల్సిన బూజునీ చంపేస్తుంది.

ప్లేట్లలో సగం 30 డిగ్రీల దగ్గర, సగం 45 దగ్గర పెట్టండి. వెచ్చటి కుప్పలో వేడికి ఓర్చే బూజులుంటాయి, వాటి ఎంజైములు పిప్పిని చక్కెరగా మార్చే 50 డిగ్రీల ట్యాంకులో ఎక్కువ సేపు నిలిచే అవకాశం ఉంది. 45 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఒక గిన్నెడు నీళ్లు పెట్టకపోతే అగార్ అప్పడమైపోతుంది.

ఇక్కడో హెచ్చరిక. 45 దగ్గర బూడిద కలిసిన ఆకుపచ్చ పొడిలా పెరిగేది చాలాసార్లు ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్. ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేయగల బూజు అది. బయోసేఫ్టీ క్యాబినెట్‌లో తప్ప మూత తీయకండి. మామూలు లామినార్ ఫ్లోలో గాలి మీ ముఖం వైపే వీస్తుంది.

[తెరపై: ఎర్రటి ప్లేటు, మధ్యలో లేత పసుపు వలయం.]

అందరికీ నచ్చే దృశ్యం ఇదే. 1 శాతం సీఎంసీ (కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్) కలిపిన అగార్ మీద బూజు పెంచి, 0.1 శాతం కాంగో రెడ్ పోసి 15 నిమిషాలు ఉంచి, 1 మోలార్ ఉప్పు నీళ్లతో కడుగుతాం. సీఎంసీ తెగినచోట రంగు పట్టదు.

చూడముచ్చటే, కానీ సీఎంసీ నీళ్లలో కరిగే మెత్తటి సెల్యులోజ్. దాన్ని తెంచడానికి ఎండోగ్లూకనేజ్ ఒక్కటే చాలు. పిప్పిలో ఉండేది గట్టి స్ఫటికాల సెల్యులోజ్. పెద్ద వలయం ఇచ్చిన బూజు పిప్పి దగ్గర చతికిలపడొచ్చు, చిన్న వలయం ఇచ్చింది దాన్ని దాటిపోవచ్చు. వలయం కొలిచి ర్యాంకులిచ్చే పద్ధతి మాకు నచ్చదు. వలయం అసలే లేనివాటిని పక్కన పెట్టడానికి వాడండి, అంతవరకే.

ఇప్పటి పరిశ్రమకి ఆధారమైన ట్రైకోడెర్మా రీసై సంగతే చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు కుళ్లిపోతుంటే, ఎందుకని వెతికి పట్టుకున్నారు. తర్వాత ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ దాన్ని అధ్యయనం చేశారు, పేరులో రీస్ అలా వచ్చింది. అది గట్టి నూలునే తిని దొరికింది.

[తెరపై: 250 మి.లీ. ఫ్లాస్కులో తడి పిప్పి, ఆకుపచ్చ బూజు.]

ఎంజైము తయారీకి 4 గ్రాముల పిప్పి, 1 గ్రాము గోధుమ తవుడు, 10 మి.లీ. మాండెల్స్ లవణ ద్రావణం. ఆటోక్లేవ్ చేసి, చల్లారాక కోటి గింజలున్న 1 మి.లీ. ద్రావణం వేసి, 30 డిగ్రీల దగ్గర 5 నుంచి 7 రోజులు.

చాలామంది దెబ్బతినేది పిప్పి కడగడంలో. చిన్న గానుగ రసాన్ని పూర్తిగా పిండదు, పిప్పిలో తీపి మిగులుతుంది. తేలిగ్గా దొరికే చక్కెర ఉన్నంతసేపు బూజు సెల్యులేజ్ జన్యువులని మూసిపెడుతుంది. ఫ్లాస్కు నిండా పెరుగుతుంది, ఎంజైము మాత్రం రాదు. వేడి నీళ్లతో కడగండి. చక్కెర తగిలితే రంగు మారే డీఎన్ఎస్ రసాయనంతో కడిగిన నీళ్లని పరీక్షించండి, కానీ చెరుకు తీపిలో ఎక్కువగా ఉండే సుక్రోజ్ దానికి నేరుగా దొరకదు. కాబట్టి ఆ నీళ్లని ముందు కాస్త ఆమ్లంతో మరిగించి, తటస్థం చేసి చూడండి. రంగు రాకుండా అయ్యేదాకా కడగడం ఆపకండి.

తర్వాత పీహెచ్ 4.8 సిట్రేట్ బఫర్ 50 మి.లీ. పోసి గంటసేపు కదిపి, గుడ్డలో పిండి, 4 డిగ్రీల దగ్గర 10,000 ఆర్‌పీఎంతో 10 నిమిషాలు తిప్పండి. పైన తేరినదే ముడి ఎంజైము.

[తెరపై: టెస్ట్ ట్యూబ్‌లో చుట్టిన కాగితం ముక్క. పసుపు రంగు ఇటుక రంగుకి మారుతుంది.]

ఫిల్టర్ పేపర్ పరీక్షకి వాట్‌మన్ నంబర్ 1 కాగితం, 1 సెం.మీ. వెడల్పు, 6 సెం.మీ. పొడవు. బరువు 50 మి.గ్రా. విశాఖ గాలిలో కాగితం ఊరికే తేమ పీల్చుకుంటుంది, డెసికేటర్‌లోంచి తీసిన వెంటనే తూచండి. 1 మి.లీ. బఫర్, 0.5 మి.లీ. ఎంజైము, కాగితం మొత్తం మునగాలి. 50 డిగ్రీల దగ్గర సరిగ్గా 60 నిమిషాలు. 3 మి.లీ. డీఎన్ఎస్ వేసి 5 నిమిషాలు మరిగించి, చల్లార్చి, పలుచన చేసి 540 నానోమీటర్ల దగ్గర చూడండి.

కాగితం లేకుండా ఎంజైముతో ఒక బ్లాంక్, ఎంజైము లేకుండా కాగితంతో ఇంకొకటి తప్పనిసరి. ముడి ఎంజైములో ముందే చక్కెర ఉంటుంది, అది తీసేయకపోతే పనికిరాని బూజు కూడా హీరో అయిపోతుంది. లెక్క 2 మి.గ్రా. గ్లూకోజ్ దగ్గర కడతారు. ఆ మేరకి వచ్చిన పలుచన పదో వంతైతే 0.37ని 0.1తో భాగించాలి, అంటే మి.లీ.కి 3.7 యూనిట్లు. పలుచన చేయకపోయినా 2 మి.గ్రా. రాకపోతే యూనిట్లు లెక్కకట్టకండి, వచ్చిన చక్కెర ఎంతో మాత్రం రాయండి.

సెల్లోబయోజ్‌లో గ్లూకోజ్‌లు రెండున్నా డీఎన్ఎస్‌కి దొరికే కొస ఒక్కటే. అందుకే డీఎన్ఎస్ వేయని ఇంకో ట్యూబులోని ద్రావణాన్ని మరిగించి ఎంజైముని ఆపి, డయాగ్నస్టిక్ ల్యాబుల్లో రక్తంలో చక్కెర చూసే జీఓడీ-పీఓడీ కిట్‌తోనూ కొలవండి. అది గ్లూకోజ్‌నే చూస్తుంది. కిట్ అంకె డీఎన్ఎస్ అంకె కంటే బాగా తక్కువగా ఉంటే మీ బూజుకి బీటా గ్లూకోసిడేజ్ కొరత ఉందన్నమాట. పీఎన్‌పీజీ అనే, బీటా గ్లూకోసిడేజ్ తెంచితే పసుపు రంగునిచ్చే పదార్థంతో పరీక్షించి నిర్ధారించుకోవచ్చు.

[తెరపై: ఆటోక్లేవ్, కడుగుతున్న పిప్పి.]

చివరి తీర్పు పిప్పిదే. 2 శాతం కాస్టిక్ సోడాలో, 1 వంతు పిప్పికి 10 వంతుల ద్రావణం చొప్పున, 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. లిగ్నిన్ చాలా మేరకు పోతుంది. తటస్థం అయ్యేదాకా కడగండి, మిగిలిన క్షారం పీహెచ్‌ని పాడుచేస్తుంది. కడిగాక ఓవెన్‌లో ఎండబెట్టకండి. ఎండితే సన్నటి రంధ్రాలు మూసుకుపోయి, మళ్లీ తడిపినా ఎంజైము లోపలికి వెళ్లదు. తడిగానే ఫ్రిజ్‌లో ఉంచి, చిటికెడు తీసి తేమ శాతం చూసుకోండి.

పొడి లెక్కన 0.5 గ్రాము పిప్పి, బఫర్, ఎంజైము కలిపి మొత్తం 10 మి.లీ., 50 డిగ్రీలు, 72 గంటలు, సూక్ష్మజీవులు పెరగకుండా 0.02 శాతం సోడియం అజైడ్. అది విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పోలికకి చండీగఢ్ ఎంటీసీసీ నుంచో, పుణె ఎన్‌సీఐఎం నుంచో (రెండూ సూక్ష్మజీవుల్ని భద్రపరిచి ఇచ్చే కేంద్రాలు) తెప్పించిన ట్రైకోడెర్మా ఉండాలి. అన్నిటికీ ప్రోటీన్ మి.గ్రా. సమానంగా వేయండి, మి.లీ. సమానంగా కాదు.

మీ బూజు ఒంటరిగా గెలవకపోయినా వదిలేయకండి. ట్రైకోడెర్మా ఎంజైములో 20 శాతం ప్రోటీన్ తగ్గించి, ఆ మేరకి మీది కలపండి. చక్కెర పెరిగితే ట్రైకోడెర్మాకి లేనిదేదో మీ దగ్గరుంది. తరచూ అది బీటా గ్లూకోసిడేజ్ అవుతుంది. అలాంటిదాన్ని ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగం సీక్వెన్సింగ్‌తో గుర్తించండి. ట్రైకోడెర్మా జాతి అయితే ఐటీఎస్ సరిపోదు, టెఫ్1 అనే జన్యువు కూడా చదివించాలి.

ఈలోగా ప్లేటు నుంచి ప్లేటుకి మారుస్తూ పోకండి. అలా మారే కొద్దీ ఎంజైము దిగుబడి పడిపోవచ్చు. మంచి ఫలితం వచ్చిన రోజే గింజలని 20 శాతం గ్లిజరాల్‌లో మైనస్ 80 దగ్గర దాచి, ఆ గొట్టం నుంచే ప్రతి ప్రయోగం మొదలుపెట్టండి.