గంజితో ఎంజైమ్ ప్రయోగం: నీలం రంగు ఎక్కడికి పోయింది?

నమస్కారం. ఈ రోజు పిల్లల చేతనే చేయించే ప్రయోగం. అన్నం వార్చిన గంజి, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్, రెండు పరీక్షనాళికలు. ఇదిగో, అన్నీ బల్ల మీదే ఉన్నాయి.

గంజి ఒక చెంచా, నీళ్లు పది చెంచాలు. కలిపేశాను. రెండింటిలో సమంగా పోశాను. అయోడిన్‌లో నీళ్లు కలిపి పలచని టీ రంగుకు తెచ్చుకోండి, ఇలా. ఇక మొదటి నాళికలో లాలాజలం, రెండో దాంట్లో అంతే నీళ్లు. ఎవరి లాలాజలం వారిదే, ఎవరి నాళిక వారే కడగాలి.

ఆగండి. పోసే ముందు నాళికను చేత్తో పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉండాలి, అంతే. నేను మొదటిసారి చేయించినప్పుడు పొయ్యి మీది గంజిని అలాగే తెచ్చి పోశాను. అయోడిన్ వేస్తే రెండు నాళికల్లోనూ నీలం లేదు! "గంజిలో పిండి లేదా టీచర్?" అని అడిగారు పిల్లలు. భోజనం గంట తర్వాత చూస్తే రెండూ ముదురు నీలం. పిండిపదార్థం గొలుసు స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. దాని లోపల అయోడిన్ చేరితేనే ఆ నీలం. వేడికి ఆ చుట్ట వదులవుతుంది, రంగు పోతుంది. చల్లారితే మళ్లీ వస్తుంది. అదే వేడికి లాలాజలంలోని అమైలేజ్, అంటే ఆ పిండి గొలుసును తెంచే ఎంజైమ్, పాడైపోయింది, అందుకే మొదటి నాళిక కూడా నీలమైంది. అమైలేజ్‌కు మన ఒంటి వేడి, 37 డిగ్రీలు, సరిపోతుంది. వేడి గంజి వద్దు. చల్లారనివ్వండి.

ఇప్పుడు పరీక్ష. నాకు పింగాణీ పలక కన్నా ఖాళీ మాత్రల పట్టీ ఇష్టం. కింద తెల్ల కాగితం పెట్టండి. ఒక్కో గుంటలో ఒక్క చుక్క అయోడిన్. నిమిషానికి ఒకసారి మొదటి నాళికలోంచి ఒక చుక్క. చూడండి: నీలం... ఇంకా నీలం... ఇదిగో, ఎర్రటి గోధుమ రంగు! గొలుసు సగం తెగింది, ఈ ముక్కలే డెక్స్‌ట్రిన్లు. ఇక్కడ కాసేపు నిలపండి, పిల్లలను దగ్గరికి వచ్చి చూడనివ్వండి. ఆ తర్వాత అయోడిన్ రంగే మిగులుతుంది.

అమైలేజ్ మీద ఆమ్లం ప్రభావం చూపాలంటే వెనిగర్ వాడండి. నిమ్మరసం వద్దు, దానిలోని విటమిన్ సి అయోడిన్ రంగునే పోగొడుతుంది.

నీలం ఎన్నో గుంటలో పోయిందో ఎవరిది వారు రాసుకోవాలి. అంకెలు వేరువేరుగా వస్తాయి, దిద్దకండి. రెండో నాళికలోంచి కూడా ఒక చుక్క తీసి, అది ఇంకా నీలమే అని చూపించాకే అన్నీ కడిగించండి.