రాతి ఇంటిని కప్పు నుంచి చదవండి: కెల్మ్‌స్కాట్ మేనర్

నమస్కారం. పాత రాతి ఇల్లు కనిపిస్తే మన చూపు ముందు గుమ్మం మీద పడుతుంది. ఈరోజు కప్పుతో మొదలుపెడదాం. మనం చూడబోయేది ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, థేమ్స్ నది ఎగువన ఉన్న కెల్మ్‌స్కాట్ పల్లెలోని మేనర్, అంటే పల్లెటూరి పెద్ద ఇల్లు. 1600 ప్రాంతంలో టర్నర్ అనే రైతు కుటుంబం కట్టుకున్న ఇల్లు.

ఫోటోను పెద్దది చేస్తున్నాను. కప్పు మీద ఉన్నవి మట్టి పెంకులు కావు, మన నాపరాయిలాగే పొరలుగా విడిపోయే సున్నపురాయి పలకలు. చూరు దగ్గరి పలక ఎంత పెద్దదో చూడండి. అక్కడి నుంచి మెల్లగా పైకి రండి. వరస మారేకొద్దీ పలక చిన్నదవుతుంది. కొప్పు దగ్గర ఉన్నవి మరీ చిన్నవి. ఇది కేవలం అందం కోసం చేసిన పని కాదు. గనిలో రాయి ఒకే కొలతలో రాదు. అందుకే బరువైన పలకలను గోడ మోసే చోట, తేలికైనవాటిని పైన వేశారు. కప్పు మీది వాననీరంతా చేరేది చూరుకే కాబట్టి, అక్కడ అతుకులు తక్కువగా ఉండటమే మేలు. ప్రతి పలకకూ పై అంచున రంధ్రం చేసి, కొయ్య చీలతో బద్దెకు తగిలించేవారు.

ఈ పలకలు చేసే తీరు ఇంకా బాగుంటుంది. అదే ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోన్స్‌ఫీల్డ్‌లో గనివాళ్లు తవ్విన రాయిని తడి ఆరకుండా కాపాడి, చలికాలంలో ఆరుబయట ఉంచేవారు. లోపలి తేమ గడ్డకట్టి ఉబ్బితే రాయి పొరలుగా విచ్చుకునేది. ఇంత ఓపికైన పనితనం నన్ను ఎప్పుడూ కట్టిపడేస్తుంది.

ఇప్పుడు కిటికీలు. నిలువు రాతి కమ్మీలు, పైన ముందుకు పొడుచుకొచ్చిన రాతి అంచు. గోడ మీద జారే నీటిని ఆ అంచు పక్కకు మళ్లిస్తుంది. ఈశాన్యపు భాగంలో అటక కిటికీల మీద మాత్రం చిన్న త్రికోణపు శిఖరాలున్నాయి. అవి గ్రీకు, రోమన్ కట్టడాల పోకడ. ఆ భాగాన్ని 17వ శతాబ్దం రెండో సగంలో చేర్చారు.

1871లో కవి, కళాకారుడు విలియం మోరిస్ ఈ ఇంటిని అద్దెకు తీసుకున్నారు. 1877లో మిత్రులతో కలిసి ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించారు. పాత గోడలను గీకి కొత్తగా మార్చవద్దని, ఎప్పటికప్పుడు మరమ్మతు చేయాలని ఆయన గట్టిగా వాదించారు. కాబట్టి ఇలాంటి గోడల సందుల్లో సిమెంటు నింపి కనిపిస్తే అనుమానించండి. సున్నం తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు దాన్ని లోపలే ఆపేస్తుంది, అప్పుడు చెడేది రాయే.