పేపర్ పంపాం సరే, అక్కడేమవుతోంది?

(దృశ్యం: తార్నాకలో అద్దె గది. చల్లారిన టీ గ్లాసు. ల్యాప్‌టాప్‌లో జర్నల్ లాగిన్ పేజీ.)

వ్యాఖ్యానం: మొదటి పరిశోధన పేపర్ జర్నల్‌కు పంపిన రోజుల్లో నేనూ ఈ గదిలోనే ఉండేవాణ్ణి. పళ్లు తోముకోకముందే ఈ పేజీ తెరిచేవాణ్ణి. పొయ్యి మీది అన్నం మూత మాటిమాటికీ తీస్తే ఆవిరి పోవడమే తప్ప త్వరగా ఉడకదు. తెలిసినా చెయ్యి ఆగదు.

(తెరపై: ‘విత్ ఎడిటర్’)

ఈ మాట వారాల తరబడి కదలకపోతే, ఎడిటర్ మీ పేపర్ చదువుతూ కూర్చున్నారని కాదు. జర్నల్ పరిధికి సరిపోదనుకుంటే, అదే రంగంలోని ఇతర పరిశోధకుల సమీక్షకు పంపకుండానే తిప్పేస్తారు. అదే డెస్క్ రిజెక్షన్. వారంలో వస్తే అదృష్టమే అంటాను నేను, ఆరు నెలలాగి అదే మాట వినడం కంటే నయం కదా!

ఆ గడప దాటాక మొదలవుతుంది అసలు ఆలస్యం: సమీక్షకుల వేట. సాధారణంగా ఇద్దరు ముగ్గురు కావాలి. చాలా జర్నల్స్ వాళ్లకు పైసా ఇవ్వవు. ఒకరు కుదరదంటారు, ఒకరు జవాబే ఇవ్వరు, ఒప్పుకున్నవారు గడువు దాటిస్తారు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనో, హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలోనో మీ గైడ్ గారి మెయిల్ పెట్టె చూడగలిగితే, ఇంకెవరిదో పేపర్ సమీక్ష కోసం పడి ఉంటుంది. ఆ విద్యార్థీ ఎక్కడో మనలాగే పేజీ తెరిచి చూస్తూ ఉంటాడు.

(తెరపై: ‘అండర్ రివ్యూ’. పక్కన తేదీ మాత్రం మారుతుంది.)

వాట్సాప్ గ్రూపుల్లో ఈ తేదీకి పంచాంగ శ్రవణం జరుగుతుంది. ఒక సమీక్ష చేరి ఉండవచ్చు. ఒకరు తప్పుకుంటే మరొకరిని అడిగి ఉండవచ్చు. అంతకుమించి జాతకం చెప్పలేం.

(దృశ్యం: పాత టైపురైటర్)

1936లో ఐన్‌స్టీన్, నాథన్ రోజెన్ కలిసి గురుత్వ తరంగాలపై ‘ఫిజికల్ రివ్యూ’కు పేపర్ పంపారు. ఎడిటర్ దాన్ని సమీక్షకుడికి చూపించారు. అచ్చు వేయమని పంపితే ఇంకొకరికి ఎలా చూపిస్తారని ఐన్‌స్టీన్ మండిపడి పేపర్ వెనక్కి తీసుకున్నారు. తీరా చూస్తే సమీక్షకుడు పట్టుకున్న లోపం నిజమే. 1937లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ పత్రికలో వచ్చేసరికి ముగింపే మారిపోయింది. సమీక్షకుణ్ణి తిట్టుకోబోయినప్పుడల్లా నాకు ఈ కథ అడ్డొస్తుంది.

మరి ఎప్పుడు అడగాలి? జర్నల్ తన సైటులో చెప్పిన గడువు దాటాక. ఏమీ చెప్పకపోతే మూడు నెలలయ్యాక. పేపర్ నంబరు, శీర్షిక, పంపిన తేదీ, ఒక్క ప్రశ్న. నాలుగు పంక్తులు చాలు, ఫెలోషిప్ కష్టాలు అక్కర్లేదు. విసుగొచ్చి అదే పేపర్ ఇంకో జర్నల్‌కు మాత్రం పంపకండి. ముందు ఉపసంహరణ లేఖ రాసి, అందినట్టు జవాబు వచ్చేదాకా ఆగండి.

థీసిస్ గడువు తరుముతోందా? పీహెచ్‌డీకి పేపర్ అచ్చు కావాలన్న తప్పనిసరి నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. అయితే విశ్వవిద్యాలయాలు సొంత నియమం పెట్టుకోవచ్చు, మీ విభాగంలో కనుక్కోండి.

(దృశ్యం: తెరపై కొత్త మెయిల్)

నాకు వచ్చింది ‘మేజర్ రివిజన్’, అంటే పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని. మొదటి పంక్తి చదివి, తిప్పికొట్టారనుకుని ల్యాప్‌టాప్ మూసేశాను. మర్నాడు మా గైడ్ గారు మెయిలంతా చదివించారు. మూడో పట్టికలో కూడిక తప్పిందని రెండో సమీక్షకుడు రాశారు.

కాగితం తీసుకుని మళ్లీ కూడాను. తప్పింది.