ఈవా స్మిత్: బాధితురాలు కాకముందు సమ్మె నాయకురాలు

(తెరపై: నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాలు. "22 షిల్లింగుల 6 పెన్నీలు")

ఇంగ్లండ్‌లో బ్రమ్లీ అనే ఊరు. అక్కడ బర్లింగ్ అనే పెద్దమనిషికి ఒక ఫ్యాక్టరీ ఉంది. అందులో పనిచేసే ఆడవాళ్ల సగటు జీతం వారానికి ఇరవై రెండున్నర షిల్లింగులు (అప్పట్లో షిల్లింగుకు 12 పెన్నీలు). 1910లో, వేసవి సెలవుల తర్వాత, వాళ్లు ఇరవై ఐదు షిల్లింగులు ఇమ్మని అడిగారు. బర్లింగ్ కుదరదన్నాడు. సమ్మెకు దిగారు. సెలవులకే చేతిలో ఉన్నదంతా ఖర్చయిపోవడంతో ఎక్కువ రోజులు నిలబడలేకపోయారు. మిగతావాళ్లను పాత జీతానికే పనిలోకి రానిచ్చిన బర్లింగ్, ముందుండి నడిపించిన నలుగురైదుగురిని మాత్రం గెంటేశాడు. వాళ్లలో ఒకమ్మాయి పేరు ఈవా స్మిత్.

ఈ ఊరు, ఫ్యాక్టరీ, అమ్మాయి అన్నీ కల్పితాలే. నాటకం పేరు ‘యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’. సోషలిస్టు రచయిత జె.బి. ప్రీస్ట్లీ రాశారు. ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలు జీసీఎస్‌ఈకి, అంటే మన పదో తరగతి లాంటి పరీక్షకు, చదువుతుంటే ఈ పేరు మీరు వినే ఉంటారు.

(తెరపై: భోజనాల బల్ల, ఐదు కుర్చీలు)

కథ 1912లో, ఒకే రాత్రి జరుగుతుంది. బర్లింగ్ కూతురు షీలాకు నిశ్చితార్థం, ఇంట్లో విందు. ఇంతలో ఇన్‌స్పెక్టర్ గూల్ వచ్చి, ఒక అమ్మాయి క్రిమిసంహారక మందు తాగి చనిపోయిందని చెబుతాడు. ఆమె బతుకు పాడవడంలో ఆ ఇంట్లో ఒక్కొక్కరి పాత్ర బయటపడుతూ వస్తుంది. తండ్రి పనిలోంచి తీసేశాడు. కూతురు కోపంలో చేసిన ఫిర్యాదుతో ఆమె బట్టల షాపు ఉద్యోగం పోయింది. కాబోయే అల్లుడు జెరాల్డ్ కొన్నాళ్లు ఉంచుకుని వదిలేశాడు. కొడుకు ఎరిక్ తాగి ఆమె గదిలోకి బలవంతంగా చొరబడ్డాడు, ఆమె గర్భవతి అయింది. సాయం కోసం మహిళల ధర్మసంస్థకు వెళితే, అక్కడ పెత్తనం చేసే శ్రీమతి బర్లింగ్ పొమ్మంది.

పరీక్షల్లో పిల్లలు రాసేది సాధారణంగా ఇంతే. పాపం ఈవా, అందరూ కలిసి చంపేశారు, ఆమె శ్రామికవర్గానికి ప్రతీక. తప్పని అనను. కానీ ఇలా రాస్తే సమ్మె మాయమైపోతుంది, అదే నాకు బాధ. ఈవా కథ మొదలయ్యేది ఏడుపుతో కాదు, జీతం పెంచమని అడగడంతో. ఆమె బాగా పనిచేసేదని, పై పని ఇద్దామనుకున్నామని బర్లింగే ఒప్పుకుంటాడు. అంటే పని రాక పోలేదు, నోరు తెరిచినందుకు పోయింది. ప్రీస్ట్లీ సోషలిజం ఉన్నది ఇక్కడే. ఆయన జాలితో మొదలుపెట్టలేదు, కూలీ లెక్కతో మొదలుపెట్టారు.

(తెరపై: అంకెలు ఒక్కొక్కటిగా కనిపించాలి)

ఆ లెక్క మనమూ వేద్దాం. ఆమె అడిగిన పెంపు వారానికి రెండున్నర షిల్లింగులు. తర్వాత ఎరిక్ ఆమెకు ఇచ్చింది మొత్తం మీద సుమారు 50 పౌండ్లు, తండ్రి ఆఫీసులో కాజేసిన డబ్బు. అప్పట్లో పౌండుకు 20 షిల్లింగులు, అంటే 1000 షిల్లింగులు. ఈవా పాత జీతంలో ఇది 44 వారాల పైమాటే. తండ్రి కాదన్న ఆ పెంపును ఒక మనిషికి ఇదే డబ్బుతో 400 వారాలు ఇవ్వొచ్చు, ఏడున్నరేళ్ల పైగా! హక్కుగా అడిగితే లేదన్న డబ్బు, అదే ఇంటి నుంచి దొంగసొమ్ముగా బయటికొచ్చింది.

అది దొంగసొమ్మని తెలిశాక ఈవా ఇంకేమీ తీసుకోనంది. ఎరిక్‌తో పెళ్లి కూడా వద్దంది, అతనికి తన మీద ప్రేమ లేదని ఆమెకు తెలుసు. ఈ సంగతి ఆమె ధర్మసంస్థలో చెబితే శ్రీమతి బర్లింగ్‌కు కోపమొచ్చింది. అలాంటి పిల్లకు ఇంత నీతా, నమ్మనంది. బీదవాళ్లకు ఆకలి ఉండొచ్చు గానీ ఆత్మగౌరవం ఉండకూడదనేది ఆవిడ రూలు. నాటకం మొత్తంలో నాకు అన్నింటికన్నా కోపం తెప్పించే చోటు ఇది. 1912లో ఆ గడప దాటితే ఆమెకు వేరే దిక్కు లేదు. లండన్‌లో ఈ నాటకం ఆడింది 1946 అక్టోబరులో. నిరుద్యోగానికీ, ప్రసవానికీ భత్యం ఇచ్చే నేషనల్ ఇన్సూరెన్స్ చట్టం ఆ ఏడాదే వచ్చింది. ధర్మసంస్థ కమిటీ మూడ్ మీద మనిషి బతుకు ఆధారపడకూడదన్న మాట ఆ ప్రేక్షకులకు పుస్తకాల్లోది కాదు.

(తెరపై: ముఖం కనిపించని పాత ఫోటో)

ఇంత కథ నడిచినా ఈవా స్టేజి మీదికి ఒక్కసారీ రాదు. ఆమె గురించి మనకు తెలిసేదంతా ఆమెకు అన్యాయం చేసినవాళ్ల నోటి నుంచీ, ఇన్‌స్పెక్టర్ నోటి నుంచే. ఇది లోపమనేవాళ్లున్నారు. శ్రామిక స్త్రీకి గొంతే ఇవ్వకుండా ఆమె పక్షాన మాట్లాడటమేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పైగా పనిమనిషి ఎడ్నా అదే గదిలో తిరుగుతున్నా ఆమెకూ మాటలు చాలా తక్కువ. అయినా ఈవాను చూపించకపోవడమే సరైనదని నేననుకుంటాను. 1954లో వచ్చిన సినిమాలో ఈవాను తెర మీద చూపించారు. ఒక నటి ముఖం ఖాయమయ్యాక ఆమె ఆ ఒక్క అమ్మాయే అయిపోతుంది.

నాటకంలో అలా కాదు. ఇన్‌స్పెక్టర్ ఫోటోను ఇంట్లో కొందరికే, అదీ విడివిడిగా చూపిస్తాడు. అతను వెళ్లిపోయాక జెరాల్డ్ దీన్నే పట్టుకుంటాడు. మీరు చూసింది ఒకే ఫోటో అని నమ్మకమేంటి, వాళ్లు వేర్వేరు అమ్మాయిలై ఉండొచ్చుగా అంటాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే అలాంటి చావేదీ లేదని తేలుతుంది. బర్లింగ్ దంపతులకు టెన్షన్ తీరిపోతుంది. కానీ జెరాల్డ్ మాటే నిజమనుకోండి. ఒక్క అమ్మాయికి జరిగిన అన్యాయం నలుగురైదుగురికి జరిగినట్టేగా! తప్పించుకోవడానికి అతను తెచ్చిన వాదమే నేరాన్ని పెంచుతోంది. ఇలాంటి ఈవా స్మిత్‌లు కోట్లమంది ఉన్నారని ఇన్‌స్పెక్టర్ వెళ్తూ వెళ్తూ చెప్పింది కూడా ఇదే. షీలాకూ ఎరిక్‌కూ ఇది అర్థమవుతుంది, పెద్దవాళ్లకు అవదు.

అప్పుడు ఫోన్ మోగుతుంది. క్రిమిసంహారక మందు తాగిన ఒక అమ్మాయి ఆసుపత్రికి తీసుకెళ్తుండగా ఇప్పుడే చనిపోయింది, విచారణకు ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని బర్లింగ్ అందరికీ చెబుతాడు. ఆ కబురులో అమ్మాయి పేరు లేదు. ఇంట్లో ఎవరూ అడగరు కూడా.