కాఠజోడి రాతికట్ట, మా కోనేటి గట్టు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు విన్నారు, మూడోసారి నేను చదవను. బరంపురంలో తెలుగు భవిష్యత్తు గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు ఒక గోడ సంగతి చెప్పనివ్వండి.

నరాజ్ దగ్గర మహానది నుంచి చీలిన కాఠజోడి, కటక్‌ను ఒక పక్క ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒడ్డున ఉన్నదే రాతికట్ట. ఒడియావారికి ‘పొథొరొ బొంధొ’. 11వ శతాబ్దపు ఆరంభంలో మర్కట కేసరి కట్టించాడని ప్రతీతి. 1982 వరదలో మా మామయ్య నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. ఒక పక్క ఎర్రటి నీరు. ఇంకో పక్క, ఆ నీటికంటే దిగువన, ఇళ్ల గుమ్మాలు! మామయ్య ఏమీ మాట్లాడలేదు. చెప్పులు విప్పి రాయికి దణ్ణం పెట్టాడు.

అప్పట్లో ఆయన కాపురం తెలెంగా బజారులో. పేరులోనే మనవాళ్లున్నారు. 16వ శతాబ్దంలో కటక్ ఏలిన ముకుంద దేవుణ్ణి కూడా ‘తెలెంగా’ అనే అంటారు. బారబాటి కోటలో తొమ్మిది అంతస్తుల మేడ కట్టించాడట. మేడ పోయింది, కట్ట ఉంది. సరే, దారి తప్పాను.

నది నిండుగా ఉన్నంతసేపూ ఆ నీరే గోడను ముందునుంచి ఆపుతుంది. గండం వరద తీసేటప్పుడు. ముందు నీరు దిగిపోతుంది, వెనక నానిన మట్టి బరువెక్కి గోడను తోస్తుంది. ఆ చెమ్మ రాళ్ల సందుల్లోంచి కారిపోవాలి.

ఇది నాకు నేర్పింది మా వీధి కోనేరు. గట్టు సందుల్లో రావిమొక్కలు మొలిచాయని సిమెంటు పూయించిన సంఘంలో నేనూ ఉన్నాను, సంతకం కూడా నాదే. ముసలి మేస్త్రి తాపీ పక్కన పెట్టి, “బాబూ, చెమ్మ ఎటు పోవాలి?” అని అడిగాడు. జవాబు చెప్పకుండా టీ తెప్పించాను. రెండో వానాకాలానికి గోడకు పొట్ట వచ్చింది. మూడో ఏట మెట్లతో సహా కూలింది. రావిమొక్క మాత్రం సిమెంటును చీల్చుకుని చిగురు వేసింది.

వెనక వరుసలో నవ్వుతున్న ఇంజినీరు బాబులూ, మీకే చెబుతున్నాను! రావివేరును పీకకండి, రాయి కూడా ఊడి వస్తుంది. కోసి, చంపి, ఎండనివ్వండి. సందులు నింపక తప్పకపోతే గానుగ సున్నం వాడండి, చెమ్మకు దారి వదలండి.

చీటీ వచ్చింది, సమయం అయిపోయిందట. తెలుగు భవిష్యత్తు ఇంకోసారి. ఆ మేస్త్రి కొడుక్కి సున్నం పని తెలుసు. ఫోను నంబరు కావలసినవారు భోజనాల దగ్గర నన్ను అడగండి.