తొలిచూలు పాలు, మలిచూలు పాలు

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా శ్రీకాకుళం జిల్లాలోని ఒక అంగన్‌వాడీ కేంద్రంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. అమ్మలకు, అత్తలకు, నిండు నెలలతో ఈ ఎండలో నడిచి వచ్చిన చెల్లెళ్లకు మరీ మరీ నమస్కారం.

ఆగస్టు మొదటి వారంలో ఈ వారోత్సవాలు 1992 నుంచి జరుగుతున్నాయి. ముర్రుపాలు పారబోయవద్దని, ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టవద్దని ఏటా వింటూనే ఉన్నాం. నేను డాక్టరును కాను. బడిలో టీచరును, ఇద్దరు పిల్లల తల్లిని. అందుకని రెండో బిడ్డ పాల గురించే మాట్లాడతాను. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ‘ఒకరిని పెంచిన తల్లే కదా, ఆమెకు తెలియదా’ అనుకుంటారు.

మా పెద్దమ్మాయి ఆపరేషన్‌తో పుట్టింది. తొలికాన్పు కాబట్టి పుట్టింటికి వెళ్లాను. మా అమ్మ నన్ను మంచం దిగనివ్వలేదు. బాలింతకు పాలు పడతాయని పాలసొర చేప తెప్పించి, వెల్లుల్లి దండిగా వేసి పుట్టు చేసి పెట్టింది. అయినా పాలు పడలేదు. పడలేదని మేమంతా అనుకున్నాం, అసలు జరిగింది అదీ. రెండో రోజు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే పక్క మంచం దగ్గరి పెద్దావిడ ‘పాపం, తల్లికి పాలు లేవు’ అంది. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. సాయంత్రానికల్లా డబ్బా వచ్చింది, సీసా వచ్చింది. నాలుగో రోజు రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. అంటే పాలు వచ్చాయి! కానీ అప్పటికే పిల్ల సీసాకు మరిగింది. రొమ్ము అందిస్తే మొహం తిప్పేసుకునేది. పట్టినా మొన కొరికినట్లు పట్టేది. పగుళ్లు, నెత్తురు, నా ఏడుపు. రెండు నెలలకు పాలు ఇంకిపోయాయి.

పుట్టిన రోజున బిడ్డ పొట్టకు ఒక్కో విడతకు చెంచాడు ముర్రుపాలు చాలునని, తొలిచూలు తల్లికి పాలు బాగా దిగడానికి మూడు నాలుగు రోజులు పట్టవచ్చని, ఆపరేషన్ అయితే ఇంకొంచెం ఆలస్యం కావచ్చని ఆనాడు ఒక్కరు చెప్పి ఉంటే! నాలుగేళ్లు నేను ‘పాలు లేని తల్లి’ననే నమ్ముతూ బతికాను.

రెండోసారి నెల తప్పినప్పుడు మా అత్తగారు ప్రేమగానే అన్నారు: “నీకు పాలు పడవు కదమ్మా, ముందే డబ్బా తెచ్చి ఉంచుదాం.” నేనూ సరేనన్నాను. ఎనిమిదో నెలలో మా ఏఎన్ఎం గారు ఆ మాట విని, “మొదటిసారి లెక్క రెండోసారికి చెల్లదమ్మా” అన్నారు. ఆమె అనుభవంతో చెప్పిన మాటకు శాస్త్రం బలం కూడా ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. బ్రిటన్‌లో 22 మంది తల్లులను రెండు కాన్పుల్లోనూ పరిశీలించి 2001లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. రెండో బిడ్డకు మొదటి వారంలో సగటున 31 శాతం ఎక్కువ పాలు వచ్చాయి. మొదటిసారి బాగా తక్కువ వచ్చినవారికే ఈ పెరుగుదల ఎక్కువగా కనిపించింది. చిన్న పరిశీలనే, అయినా నాలాంటి తల్లికి అది కొండంత అండ.

బాబు కూడా ఆపరేషన్‌తోనే పుట్టాడు. ఈసారి వార్డుకు తేగానే నర్సమ్మ వాడిని నా చంక కింద, కాళ్లు వెనక్కి ఉండేలా పడుకోబెట్టింది. కుట్ల మీద బరువు పడలేదు. మొనతో వాడి పై పెదవిని తాకిస్తూ ఆగమంది. ఆవలింత వచ్చినట్లు నోరు పెద్దగా తెరిచాడు. అప్పుడు చటుక్కున దగ్గరకు చేర్చింది. గడ్డం రొమ్ముకు ఆనింది, కింది పెదవి బయటకు మడత పడింది, మొన చుట్టూ ఉన్న నల్లని భాగం చాలావరకు నోట్లోకి వెళ్లిపోయింది. నొప్పి లేదు! నాలుగేళ్ల కిందట నాకు తెలియనిది ఇంతే.

పొత్తికడుపులో మాత్రం మెలిపెట్టినట్లు నొప్పి వచ్చింది. భయపడ్డాను. బిడ్డ చీకుతుంటే గర్భసంచి ముడుచుకుంటుందని, రెండో కాన్పులో ఆ నొప్పి ఎక్కువగానే ఉంటుందని, రక్తం ఎక్కువగా పోకుండా కాపాడేది అదేనని నర్సమ్మ చెప్పింది.

అలాగని రెండోసారి అంతా నల్లేరు మీద నడక కాదు. తల్లికి అనుభవం ఉంటుంది గానీ బిడ్డ కొత్తవాడే కదా. మావాడు రెండో రోజంతా నిద్రమత్తులోనే ఉన్నాడు, లేపినా పట్టలేదు. అప్పుడు డబ్బా కొందామన్న మా అత్తగారే పెట్టెలోంచి తన పాత ఉగ్గుగిన్నె తీసి, సలసల మరిగే నీళ్లలో వేసి తెచ్చారు. ముర్రుపాలు పిండితే గిన్నె అడుగు మాత్రమే తడిసింది. పసుపు పచ్చగా, చిక్కగా ఉన్నాయి. వాడి పెదవికి ఆనిస్తే నాలుక చాపి చప్పరించాడు. మూడో రోజు తెల్లవారుజామున వాడి ఏడుపు వినగానే పాలు చేపుకు వచ్చి జాకెట్టు తడిసిపోయింది. మా అత్తగారు ఏమీ అనలేదు, నా తల నిమిరారు.

ఇక్కడున్న అత్తగార్లకు, మగవాళ్లకు ఒక మాట చెప్పాలి. తొలిచూలుకు పుట్టింట్లో మహారాణి వైభోగం. మలిచూలుకు చాలామంది అత్తవారింట్లోనే ఉండిపోతారు. పక్కన ఇంకో పిల్ల, బడి క్యారేజీ, పదిహేనో రోజుకే పొయ్యి దగ్గర నిలబడటం. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలివ్వాల్సిన మనిషికి కూర్చునే తీరికే లేకపోతే ఎలా? పెద్దపిల్లను మీరు చూసుకోండి. బాలింత నీళ్లు తాగకూడదనే పత్యం మానిపించండి. దాహమైనప్పుడల్లా తాగనివ్వండి. ఉద్యోగస్తులకు ఇద్దరు పిల్లల వరకు 26 వారాల సెలవు చట్టంలో ఉంది. పలాసలో రోజుకూలికి జీడిపప్పు ఒలిచే తల్లికి ఆ చట్టం అందడం లేదు, ఆమెకు ఇంటివాళ్లే దిక్కు.

పాలు చాలుతున్నాయా లేదా అన్నది ఏడుపును బట్టి లెక్కకట్టకండి. అయిదో రోజు నుంచి ఇరవై నాలుగు గంటల్లో ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తున్నాడా, రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు తిరిగి వచ్చాడా, అవి చూడండి. లేకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నిజంగానే పాలు చాలని తల్లులూ ఉంటారు. డాక్టరు చెబితే పైపాలు పట్టండి, ఆ తల్లిని ఎవరూ ఒక్క మాట అనకండి.

మా పెద్దమ్మాయి ఒకరోజు తమ్ముడు పాలు తాగుతుంటే నా మోకాలికి ఆనుకుని కూర్చుని, “నేనూ ఇలాగే తాగానా అమ్మా?” అని అడిగింది. “తాగావు తల్లీ, రెండు నెలలు” అన్నాను. అది వేళ్లు ముడిచి “రెండు” అని లెక్కపెట్టుకుని సంతోషంగా వెళ్లిపోయింది. నాకే చాలాసేపు కళ్లు తుడుచుకోవడం సరిపోయింది.

ఇప్పుడు ఏఎన్ఎం గారు బొమ్మతో బిడ్డను ఎలా పట్టించాలో చూపిస్తారు. నెలలు నిండినవాళ్లు ముందుకు వచ్చి కూర్చోండి. మొదటిసారి పాలు పడలేదన్న చెల్లెళ్లు అందరికంటే ముందు రండి.