పది కార్డులు

శ్రోతలకు నమస్కారం.

పల్లెటూరి బడిపంతులు గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఎవరినో వెతుక్కోవడం ఎందుకని మా నాయన గురించే మాట్లాడతానన్నాను. ముప్పై ఏళ్లకు పైగా పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో పనిచేశాడాయన. ఎక్కువ కాలం ఒక్క పంతులే ఉండే బళ్లలోనే. ఎక్కడ పుట్టాడు, ఏం చదివాడు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి బదిలీ అయ్యాడు, ఇవన్నీ మొదలుపెడితే టైము అక్కడికే అయిపోతుంది. వదిలేస్తున్నాను. పది పోస్టుకార్డుల సంగతి ఒకటుంది, అది చెబుతాను.

దానికి ముందు ఒక మాట. మా నాయన దేవుడేం కాదు. ఎక్కం తప్పితే చింత బరిగె లేచేది. ఆ దెబ్బలు తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ దెబ్బల వల్లే పైకొచ్చామని కొందరు నవ్వుతూ చెప్పుకుంటారు. నాకట్లా అనిపించదు. అది తప్పే. ముసలితనంలో ఆయనా ఒప్పుకున్నాడు, అదీ సగం సగం.

ఇక కార్డులు. 1980ల నాటి సంగతి. పాలమూరు లేబర్ అంటే అప్పటికే దేశమంతా తెలుసు. ఎక్కడ డ్యాము కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా మావాళ్లే. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సు పాత అప్పుకే పోతుంది. తర్వాత ఒక రాత్రి లారీ వస్తుంది. లారీ వచ్చిపోయిన మర్నాడు బళ్లో హాజరు పిలుస్తుంటే ఒక పేరుకు జవాబొస్తే రెండు పేర్లకు రాదు.

అందుకని నాయన ఒక నియమం పెట్టుకున్నాడు. పిల్లవాడు బడికి రాని రోజు సాయంత్రమే వాళ్లింటికి పోవాలి. మూడో రోజు పోతే లాభం లేదు. మూడో రోజుకు వాడు మేకల వెంట తిరగడం మరుగుతాడు. మొదటి సాయంత్రమే పోవాలి.

ఒక ఏడు కార్తీక పున్నమి దాటింది. మూడో తరగతిలో నా పక్కన కూర్చునేవాడు ఆ రోజు రాలేదు. వాడి పేరు చెప్పను. ఇప్పుడు వాడు కూడా తాతయ్యాడు, రేడియోలో పేరొస్తే సిగ్గుపడతాడు. సాయంత్రం నాయన బయల్దేరాడు. వెనకాల కందిలి పట్టుకుని నేను. పోయేసరికి వాకిట్లో వాళ్లమ్మ జొన్నరొట్టెలు కాల్చి బట్టలో మూట కడుతోంది. అంటే ఆ రాత్రికే లారీ అన్నమాట.

"పిలగాన్ని ఇడిసిపెట్టి పోరాదమ్మా" అన్నాడు నాయన.

"ఎవరి మీద ఇడిసిపెట్టాలె సారూ? ముసల్దానికి కండ్లు కానరావు."

నాయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "పొద్దటి బువ్వకు జొన్నలు ఇంట్ల పెట్టిపో, పక్కింటామె వండుతది. రాత్రి బువ్వ మా ఇంట్ల తింటడు."

ఆ మాట ఇచ్చే ముందు ఇంట్లో మా అమ్మను అడగలేదు. అది గమనించండి. ఇంటికొచ్చి చెప్పాడు. అప్పటికి జీతం రాక రెండు నెలలు. అమ్మ, "ఊళ్లె ఇంకెంతమందికి మాటిచ్చినవ్?" అని ఒక్క మాట అని, గిన్నె మీద మూత గట్టిగా పెట్టింది. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. మర్నాడు రాత్రి మాత్రం నాలుగు పళ్లేలు ఉండేచోట అయిదు వేసింది. బళ్లో పిల్లలకు వండిపెట్టే మధ్యాహ్న భోజనం మా దగ్గర 2003లో వచ్చింది. అంతకు చాలా ముందు మా ఇంట్లో రాత్రి భోజనం నడిచింది. నాయన సర్వీసు పుస్తకంలో మా అమ్మ పేరు నామినీ గడిలో ఉంది. ఆమె వండిన బువ్వ లెక్క అందులో ఎక్కడా లేదు.

సరే, లారీ తెల్లవారుజామున వచ్చింది. నాయన పరిగెత్తుకుంటూ పోయి వాళ్లమ్మ చేతిలో పది పోస్టుకార్డులు పెట్టాడు. అప్పుడు కార్డు పదిహేను పైసలు. పది కార్డులు, రూపాయిన్నర. పదింటి మీదా బడి అడ్రసు రాత్రే రాసిపెట్టాడు.

"నాకు రాయొస్తదా సారూ?" అందామె.

"రాయకు. అమాసకొకటి, పున్నానికొకటి డబ్బాల ఎయ్యి. ఎనక దిక్కు ఏలిముద్ర ఒత్తు. నీ కొడుకు చూసుకుంటడు."

అమాసకొకటి, పున్నానికొకటి. కేలెండరు చూడనక్కర్లేదు, చంద్రుణ్ణి చూస్తే చాలు. ఇంత చిన్న ఉపాయం ఆయనకు ఎట్లా తట్టిందో నాకు తెలియదు. రోజూ పంచాంగం చూసే అలవాటు వల్ల అయ్యుండొచ్చు.

మొదటి కార్డు వచ్చిన రోజు చెబుతాను. పోస్టాయన సైకిలు బడి ముందు ఆపి, "ఇదేం ఉత్తరం సారూ, అక్షరం లేదు" అన్నాడు. కార్డు వెనక అంతా ఖాళీ. కింద ఒక మూల ఒక వేలిముద్ర. పొయ్యి మసితో ఒత్తింది. పిల్లవాడు ఏడవలేదు. తన బొటనవేలు తీసి ఆ ముద్ర మీద పెట్టాడు. సగానికి కూడా రాలేదు. మేమంతా మీద పడి చూస్తున్నాం.

నాయన కార్డు తిప్పి పోస్టాఫీసు ముద్ర చూశాడు. అలికిపోయి ఉంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని "సోలాపూర్" అన్నాడు. గోడకున్న ఇండియా మ్యాపు మీద వేలు పెట్టి చూపించాడు. మహబూబ్‌నగర్ నుంచి అక్కడికి దారంతా మాతో గీయించాడు. కృష్ణ ఎటు పారుతుంది, భీమ దాంట్లో ఎక్కడ కలుస్తుంది. రెండో కార్డు మీద ముద్ర నల్లమట్టితో ఉంది. ఆ రోజు పాఠం నల్లరేగడి. ఎండకు నెర్రెలు ఎందుకు విచ్చుతుంది, పత్తి దాంట్లోనే ఎందుకు బాగా వస్తుంది. నాకు భూగోళం ఈనాటికీ అట్లాగే గుర్తుంది, ఒకామె వేలిముద్రల వెంబడి.

మాఘ పున్నమికి కార్డు రాలేదు. అమాస కూడా పోయింది, రాలేదు. వాడు మా ఇంట్లో పళ్లెం ముందు కూర్చుని బువ్వ కెలికేవాడు, తినేవాడు కాదు. అమ్మకు టెన్షన్. నాయన రోజూ బడి వదిలాక పక్క ఊరి పోస్టాఫీసుకు సైకిలు మీద పోయి వచ్చేవాడు. పోవడం, ఉత్త చేతుల్తో రావడం. పోవడం, ఉత్త చేతుల్తో రావడం. తర్వాత ఒకరోజు రెండు కార్డులూ కలిసి వచ్చాయి, ఒకే పోస్టాఫీసు ముద్రతో. పని తావు మారిందట, ఆ దగ్గర్లో పోస్టు డబ్బా లేదట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

ఉగాదికి రెండు రోజుల ముందు ఆమె తిరిగొచ్చింది. ఇంటికి పోకుండా నేరుగా బడికే వచ్చింది. కొడుకును దగ్గరికి తీసుకుంది. ఆ తర్వాత నడుముకు దోపుకున్న సంచి విప్పి రెండు కార్డులు తీసి నాయన ముందు పెట్టింది. "రెండు మిగిలినయ్ సారూ. వాపస్ తీస్కో."

ముప్పై పైసల కార్డులు. నాలుగు నెలలకు పైగా మట్టిలో, ఎండలో నడుముకు దోపుకుని తిరిగి, నలగకుండా తెచ్చి వాపస్ ఇచ్చింది. ఆ రెండు కార్డులూ ఇప్పుడు నా దగ్గరున్నాయి. ఎవరికీ రాయలేదు.

నాయన భక్తి గురించి కూడా చెప్పాలి. నామం పెట్టుకోనిదే గడప దాటేవాడు కాదు. పీర్ల పండుగ వస్తే పీరుకు దట్టీ కట్టి వచ్చేవాడు. అన్నిటికీ మించి కురుమూర్తి రాయుడు, మా దిక్కు కొండ మీది వెంకటేశ్వరస్వామి. కురుమూర్తి జాతర ఎరిగినవాళ్లకు ఉద్దాల సంగతి తెలుసు. స్వామి పాదుకలు చిన్న వడ్డెమాన్‌లో తయారవుతాయి. చెప్పులు కుట్టే కుటుంబాలవాళ్లే నియమ నిష్ఠలతో కుడతారు. ఊరేగింపుగా కొండకు వస్తుంటే వాటిని నెత్తికి తాకించుకోవడానికి జనం విరగబడతారు. బళ్లో ఒకడు ఇంకొకణ్ణి కులం పేరుతో తిడితే నాయన ఆ ఏడు వాణ్ణి వెంటబెట్టుకుని ఉద్దాల దగ్గరికి తీసుకుపోయాడు. "నెత్తి వంచు" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు.

కార్డుల సంగతి ఊరూరా పాకింది. వలస పోయినవాళ్లు జాతరకు ఎక్కడున్నా తిరిగొస్తారు. కాబట్టి మరుసటేడు నుంచి నాయన కొండ కింద ఒక చెట్టు నీడన హాజరు పట్టీ, కార్డుల కట్ట పెట్టుకుని కూర్చునేవాడు. "దేవుని దగ్గరికి పోతూ రిజిస్టరెందుకయ్యా?" అని అమ్మ ఏటా అడిగేది. ఆయన ఏటా జవాబు చెప్పేవాడు కాదు. అమ్మ మాత్రం దాన్ని ఎండకు పాడు కాకుండా తన పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చేది.

ఆ పిల్లవాడు ఏమయ్యాడని అడుగుతారు. కలెక్టరయ్యాడని చెబితే మీకు బాగుంటుంది. కాలేదు. పదో తరగతి లెక్కల్లో పోయింది. ఇప్పుడు జేసీబీ నడుపుతాడు, కాలువ పనుల్లోనే. వాళ్లమ్మ తట్టతో మోసిన మట్టి వీడు జేసీబీతో తోడతాడు. నాయన పెద్దకర్మ నాడు వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా వంటింటి గుమ్మంలో కూర్చుని, "అమ్మా, బువ్వ పెట్టు" అన్నాడు. అమ్మ పెట్టింది.

టైము అయిపోతోంది. ఒక్క పని మాట చెప్పి ముగిస్తాను. ఇప్పుడు మన దగ్గరికే ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు కుటుంబాలు వస్తున్నాయి. పిల్లలు బట్టీల్లోనే ఉంటున్నారు. అడిగితే టీసీ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు, ఎట్లా చేర్పించాలి అంటారు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు టీసీ ఆలస్యమైందనో, వయసు రుజువు లేదనో బళ్లో చేర్చుకోము అనడానికి వీల్లేదు. మధ్యలో వచ్చినా చేర్చుకోవాల్సిందే. మీరు టీచరైతే మీకు తెలిసే ఉంటుంది. టీచరు కాకపోయినా, పిల్లవాడి చెయ్యి పట్టుకుని బడిదాకా తీసుకుపోవడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

మా ఊరి దారిలో ఒక బట్టీ ఉంది. నిన్న సాయంత్రం లెక్కపెడితే పదకొండు మంది పిల్లలు కనిపించారు. వాళ్ల భాష నాకు రాదు, నా భాష వాళ్లకు రాదు. బళ్లో హెడ్మాస్టరమ్మకు చెప్పాను. ఇవాళ సాయంత్రం తనూ వస్తానన్నారు. స్టూడియో నుంచి నేరుగా అక్కడికే పోతున్నాను. సెలవు.